ఎదకు రాని ఆవు: సూది కన్నా ముందు ఒళ్లు చూడాలి

ప్రశ్న: మా జెర్సీ సంకరజాతి ఆవు మూడో ఈత ఈని 4 నెలలు దాటింది. రోజుకు 10 లీటర్ల పాలిస్తోంది గానీ ఇంతవరకు ఎదకు రాలేదు. ఈనాక బాగా చిక్కింది. వరిగడ్డి మేపి, పూటకు కిలోన్నర తవుడు పెడుతున్నాను. ఎద సూది వేయించమంటారా?
– ఒక పాడి రైతు, కోనసీమ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆవు చిక్కిందన్న మాట. ఈనిన 6–8 వారాలకు పాల దిగుబడి పతాక స్థాయికి చేరుతుంది. మేత తినే శక్తి అంత త్వరగా పెరగదు కనుక, ఆ లోటును ఆవు ఒంటి కొవ్వు కరిగించుకుని పూడ్చుకుంటుంది. లోటు నెలల తరబడి సాగితే అండాశయాన్ని నడిపే హార్మోన్లు తగినంత విడుదల కాక, అండం పక్వానికి రాదు.

ఆవు వెనుక నిలబడి చూడండి. తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, తోక మొదట ఇరువైపులా గుంటలు పడి, పక్కటెముకలు దూరం నుంచే లెక్కకు అందుతుంటే, 5 మార్కుల కొలమానంలో దాని ఒంటి పట్టు 2కు మించదు. ఈనేనాటికి 3–3.5 ఉండాలి, ఆ తరువాత ఒక మార్కు కన్నా ఎక్కువ తగ్గితే చూడి కట్టే అవకాశం బాగా పడిపోతుంది.

ఎద సూదిగా సాధారణంగా వాడే ప్రోస్టాగ్లాండిన్, అండాశయంపై కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే పసుపు గ్రంథి) ఉన్నప్పుడే పనిచేస్తుంది కాబట్టి, పశువైద్యునితో అండాశయాలు, గర్భకోశం పరీక్ష చేయించకుండా వేయించవద్దు. మూగ ఎద (పైకి లక్షణాలు కనిపించని ఎద) కూడా ఉండవచ్చు, ఉదయం, సాయంత్రం గమనించండి.

ఇక మేత విషయం. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే, పైగా అందులోని ఆక్జలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనీయవు. ప్రతి 2.5 లీటర్ల పాలకు కిలో, శరీర పోషణకు మరో కిలో నుంచి కిలోన్నర చొప్పున మీ ఆవుకు రోజుకు 5 కిలోలకు పైగా సమీకృత దాణా కావాలి. మీరు పెడుతున్నది 3 కిలోల తవుడు మాత్రమే. మొక్కజొన్న, నూనె తీసిన గింజల చెక్క, తవుడు కలిపిన దాణాను ఒక్కసారిగా కాక రెండు వారాల్లో మెల్లగా పెంచి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, వీలైనంత పచ్చిమేత ఇవ్వండి. పేడ పరీక్ష చేయించి అవసరమైతే నట్టల మందు తాగించండి.

చూడి కట్టాక ఈనడానికి 2 నెలల ముందే పాలు పితకడం ఆపి ఒళ్లు నిలదొక్కుకోనివ్వండి. అయితే ఆ దశలో దాణా మితిమీరి, పట్టు 4 దాటితే ఈనడం కష్టమై, ఈనాక ఆవు మేత సరిగా తినక మళ్లీ ఇలాగే చిక్కిపోతుంది.