డీఏపీ ఎంత వేసినా బత్తాయి కాయ సైజు రావట్లేదా? ఒకసారి ఆకు పరీక్ష చేయించండి

నల్గొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఎనిమిదేళ్ల బత్తాయి తోట ఉన్న ఒక రైతు, ఏటా డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు), యూరియా తగ్గకుండా వేస్తున్నా చిగురు పాలిపోయి కాయ ఊరడం లేదు, ఇంకో బస్తా పెంచాలా అని అడిగారు. వద్దు అన్నా, పెంచకండి. మాది కనగల్ వైపు, సున్నం ఎక్కువున్న నేల, మా తోటలోనూ ఇదే తిప్పలు.

ముందు ఏ ఆకు పసుపు పడుతోందో చూడండి. ముదురాకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని లోపం. లేతాకు చిన్నగా, కోసుగా వచ్చి ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే జింకు. సన్నని ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి ఆకంతా పసుపైతే ఇనుము. మా నేలల్లో ఇవి రెండు మూడు కలిసే వస్తాయి కాబట్టి కంటితో తేల్చలేం, ల్యాబ్‌కి పంపాల్సిందే. కంపాసాగర్ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)కి ఫోన్ చేసి ఎక్కడ చేస్తారో అడగండి.

ఆకు తెంపడంలోనే సగం పని ఉంది. జనవరి, ఫిబ్రవరి చిగురుది, ఐదు నుంచి ఏడు నెలల వయసున్న ఆకు కావాలి, అంటే జులై, ఆగస్టుల్లో తీయాలి. కాయ లేని కొమ్మకు చివరి నుంచి మూడో ఆకో నాలుగో ఆకో, ఛాతీ ఎత్తున, చెట్టుకు నాలుగు దిక్కులా. బాగా కాసే చెట్లవి ఒక కాగితం సంచిలో, కాయని చెట్లవి ఇంకో దాంట్లో వేయండి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. జింకు కొట్టిన ఆకులు మాత్రం పంపకండి, పైన అంటుకున్న మందే రిపోర్టులో కనిపిస్తుంది.

మా రిపోర్టులో నత్రజని 2.5 శాతం దగ్గర, అంటే సరిపడా ఉంది. భాస్వరం ఎక్కువ, జింకు బాగా తక్కువ. విడివిడి అంకెల కంటే వాటి పొత్తు ముఖ్యం. 1973లో బ్యూఫిల్స్ అనే ఆయన చెప్పిన డ్రిస్ పద్ధతి ఇదే, పోషకాల నిష్పత్తులను బాగా కాసే తోటల నిష్పత్తులతో పోల్చి, ఒక్కో పోషకానికి ఒక అంకె ఇచ్చి, ఎక్కువ మైనస్‌లో, అంటే ఎక్కువ లోటులో ఉన్నదాన్ని ముందు సరిచేయమంటుంది. డీఏపీతో భాస్వరం పేరుకుంటే వేరు జింకును సరిగా తీసుకోదు, పైగా సున్నపు నేల దాన్ని పట్టేసుకుంటుంది. షాపులో అడిగితే ఇంకో బస్తా డీఏపీయే ఇస్తారు, అది వేరే సంగతి.

మేం డీఏపీ ఆపేసి, కొత్త చిగురు ముదరక ముందే పిచికారీ చేశాం. లీటరు నీటికి జింకు సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్, మెగ్నీషియం, ఫెర్రస్ సల్ఫేట్లు 2 గ్రాముల చొప్పున, బోరాక్స్ 1 గ్రాము, సున్నం 6, యూరియా 10 గ్రాములు. తర్వాతి చిగురుకే ఆకు వెడల్పు తేడా తెలిసింది, కాయ సైజు మాత్రం మరుసటి కాపులోనే మారింది.

ఒకవేళ తోటంతా కాకుండా అక్కడక్కడా ఒక్కో చెట్టే పసుపు పడుతుంటే మొదలు దగ్గర మట్టి తీసి వేరు చూడండి. బెరడు కుళ్లి ఊడొస్తుంటే అది పోషకాల సమస్య కాదు, పాదులో నీళ్లు నిలవకుండా చూసుకోవాలి.