సిస్టర్ ఏం రాస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారు పక్షవాతంతో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. సిస్టర్ని ఎప్పుడు పిలిచినా 'వస్తున్నా' అంటుందే కానీ, బల్ల దగ్గర ఏదో రాసుకుంటూ కూర్చునేది. సెలైన్ నెమ్మదిగా ఎక్కుతోందంటే కసిరింది. ఇంజెక్షన్ చేయడం తప్ప నర్సుకు వేరే పనేముంది మేడమ్?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కసరడం తప్పే బాబూ. 31 ఏళ్ల సర్వీసులో నేనూ కసిరాను. రాత్రి డ్యూటీలో 40 మంచాలకు ఇద్దరమే ఉన్నప్పుడు నోరు జారేది.

ఆ రాసేది మాత్రం మీ నాన్నగారి గురించే. ఎన్ని నీళ్లు లోపలికి వెళ్లాయి, యూరిన్ ఎంత వచ్చింది, బీపీ ఎంత, ఏ మందు ఎన్నింటికి ఇచ్చాం. రౌండ్స్‌లో డాక్టరు మంచం దగ్గర నిలబడేది కాసేపే. మిగతా రోజంతా ఏం జరిగిందో ఆయన కేస్ షీట్ చూసే తెలుసుకోవాలి. ఇచ్చిన మందు రాయకపోతే, తర్వాత డ్యూటీకొచ్చిన అమ్మాయి అదే మందు మళ్లీ ఇచ్చేయవచ్చు.

ఇక సెలైన్. 500 మి.లీ. సీసా 8 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టం సెట్‌తో నిమిషానికి 21 చుక్కలు పడాలి. వాచీ చూస్తూ లెక్కపెట్టి, గొట్టం మీద చుక్కల వేగం పెంచే, తగ్గించే చక్రం సరిచేస్తాం. ఓసారి మా వార్డులో గుండెజబ్బు పెద్దాయనకు సెలైన్ పెట్టాం. సీసా తొందరగా అయిపోతే ఇంటికి పంపేస్తారనుకుని వాళ్లబ్బాయి చక్రం మొత్తం తిప్పేశాడు. నేను వెళ్లేసరికి పెద్దాయన లేచి కూర్చుని రొప్పుతున్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. బతికాడు లెండి. ఆ అబ్బాయి డిశ్చార్జి దాకా నా మొహం చూడలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ చక్రం మీద చెయ్యేస్తే నాకు టెన్షనే.

మీరు నిలదీయాల్సినవి వేరే ఉన్నాయి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి ఒత్తిగిలించారా? గుటక వేయగలడో లేదో చూశాకే నోట్లో నీళ్లు పోశారా? పిరుదుల పైన, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అది రోజూ చూడాల్సింది నర్సే.

ఇంటికి తెచ్చుకున్నాక ఆ పని మీ మీద పడింది. పగలు ఎవరు తిప్పాలి, రాత్రి అలారం పెట్టుకుని ఎవరు లేవాలి అన్నది ఇవాళే ఇంట్లో మాట్లాడుకోండి.