కార్ట్ ధర కాదు, సీజన్ ఖర్చు చూడండి

ప్రశ్న: మా పాపకు 7 ఏళ్లు. ఏడాదిగా అద్దె గో-కార్ట్‌లు (చిన్న రేసు బండ్లు) నడుపుతోంది. పాపలో మంచి నేర్పు ఉంది, సొంత కార్ట్ కొనివ్వమని కోచ్ అంటున్నారు. ఒక సెకండ్ హ్యాండ్ 60 సీసీ కార్ట్ అమ్మకానికి వచ్చింది. ఇంజిన్, ట్రాలీ కూడా కలిపి ఇస్తామంటున్నారు. దానికోసం పాప చదువుకు దాచిన డబ్బులో కొంత తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా? ఇద్దరివీ జీతాలే. పాప తర్వాత బాబు కూడా ఉన్నాడు. ఫార్ములా 1 ఛాంపియన్ లూయిస్ హామిల్టన్ 8 ఏళ్లకే మొదలుపెట్టాడంటారు, ఆలస్యం చేస్తే పాప వెనకబడిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వద్దండీ. చదువు డబ్బు ముట్టుకోవద్దు, అప్పు చేయొద్దు. అలాగని పాపను ట్రాక్‌కు దూరం చేయమనీ చెప్పను. ఏడేళ్ల పిల్ల ఏడాది పాటు ఒకే ఆటను ఇష్టంగా పట్టుకుని ఉందంటే దానికి విలువ ఇవ్వాల్సిందే. అయితే మీరు కార్ట్ కొనే డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతున్నారు. నేనైతే మీ ఇంట్లో నెలనెలా మిగిలే డబ్బు ఒక సీజన్‌ను మోయగలదా అని అడుగుతాను. కార్ట్‌కు ఒక్కసారి డబ్బు కడితే సరిపోతుంది, రేసింగ్‌కు మాత్రం వెళ్లిన ప్రతిసారీ కట్టాలి.

ముందు ఒక్క రేసు వారాంతానికి ఎంతవుతుందో కాగితం మీద రాయండి. ఎంట్రీ ఫీజు, ముందు రోజు ప్రాక్టీసుకు ట్రాక్ ఫీజు, పెట్రోలు, అందులో కలిపే టూ-స్ట్రోక్ ఆయిల్, మెకానిక్ కూలి, ప్రయాణం, బస. వీటన్నిటికన్నా చాలామందిని దెబ్బతీసేవి టైర్లు. రేసింగ్ కార్ట్ టైర్లు మెత్తటి రబ్బరుతో చేస్తారు. పట్టు బాగా ఉంటుంది కానీ త్వరగా అరిగిపోతాయి, అరగకముందే వేగం కూడా తగ్గిపోతుంది. పోటీ గట్టిగా ఉండే చోట ప్రతి రేసుకూ కొత్త సెట్ వేస్తారు. ఒక్కో డ్రైవర్‌కు ఇన్ని టైర్లే అని పరిమితి పెట్టే క్లబ్బులు ఉన్నాయి. అలాంటి క్లబ్బును ఎంచుకుంటే ఖర్చులో ఎంతో తేడా వస్తుంది.

తర్వాతిది ఇంజిన్. ఇలాంటి చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్లకు సర్వీసును నడిచిన గంటల లెక్కన చూస్తారు. ఇన్ని గంటలకు పిస్టన్, ఇన్ని గంటలకు బేరింగులు అని ఉంటుంది. ఆ సర్వీసు ఖర్చును ఆ గంటలతో భాగించండి. వచ్చే మొత్తాన్ని పాప ట్రాక్ మీద గడిపే ప్రతి గంటకూ పక్కన పెట్టండి. ఇది చేయనివాళ్లకు సీజన్ మధ్యలో ఒకేసారి పెద్ద బిల్లు వస్తుంది, క్రెడిట్ కార్డు బయటికి వచ్చేది అప్పుడే. విరిగే భాగాల కోసం మొత్తం అంచనాకు ఇంకో మూడో వంతు కలపమని నా సలహా. పిల్లలు ఒకరినొకరు గుద్దుకుంటారు. యాక్సిల్, టై రాడ్, బంపర్ పోవడం ఈ ఆటలో మామూలే.

ఇప్పుడు ఒక్క వారాంతం ఖర్చును ఏడాదిలో వెళ్లే రేసుల సంఖ్యతో గుణించి, ఇంజిన్‌కు, విరిగే భాగాలకు పెట్టినదీ కలపండి. ఆ ఏడాది అంకెను 12తో భాగించండి. ఇల్లు గడిచి, ఆరు నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి ఉండి, మీ పదవీ విరమణ పొదుపూ ఇద్దరు పిల్లల చదువు పొదుపూ ఆగకుండా సాగుతూ ఇంకా మిగిలే డబ్బులో అది సగానికి మించకూడదు. సగమే అనడానికి కారణం మీ బాబు. మూడేళ్ల తర్వాత వాడికీ ఏదో ఒక ఇష్టం పుడుతుంది. అక్క రేసింగ్ వల్ల నాకు ఏమీ లేదని వాడు అనుకునే పరిస్థితి రాకూడదు.

కార్ట్ అమ్మినప్పుడు డబ్బు తిరిగి వస్తుంది కదా అని మీరు అనవచ్చు. కొంత వస్తుంది. కానీ పిల్లలు ఎదుగుతారు. చిన్నపిల్లల మినీ తరగతి ఛాసిస్‌కు (కార్ట్ ఫ్రేమ్‌కు) ముందు, వెనక చక్రాల మధ్య దూరం సుమారు 950 మిల్లీమీటర్లు, పెద్ద కార్ట్‌కు 1040 దాకా ఉంటుంది. మినీ తరగతి దాదాపు 12 ఏళ్లతో అయిపోతుంది. ఆ తర్వాత జూనియర్ తరగతి కోసం ఛాసిస్, ఇంజిన్ రెండూ మారతాయి, ఖర్చు మరో మెట్టు ఎక్కుతుంది. ఈలోపు సీటు కూడా మార్చాలి. కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు, కుదుపంతా సీటు ద్వారా నేరుగా పక్కటెముకలకు తగులుతుంది. అందుకే సీటు శరీరానికి సరిగ్గా పట్టి ఉండాలి, పక్కటెముకల రక్షణ కవచం తప్పనిసరిగా వేయాలి. హెల్మెట్ వచ్చే ఏడాదికీ పనికొస్తుందని పెద్ద సైజు కొనకండి, సెకండ్ హ్యాండ్‌ది అసలే వద్దు. పిల్లల మెడ మీద భారం పడకుండా తేలికగా చేసే స్నెల్ సీఎమ్ఆర్ ప్రమాణం హెల్మెట్లు ఉన్నాయి, అవి చూడండి. నేను పొదుపు చేయమని చెప్పని ఖర్చు ఇదొక్కటే.

ఆరోగ్య బీమా పాలసీ కాగితాలు ఈ వారమే తీసి చదవండి. మోటార్ రేసింగ్‌లో తగిలిన గాయాలకు పరిహారం వర్తించదని చాలా పాలసీల్లో మినహాయింపు ఉంటుంది. మీ దాంట్లోనూ ఉంటే, క్లబ్బు సభ్యత్వంతో వచ్చే ప్రమాద బీమా ఎంతవరకు వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. అది తేలేదాకా పాపను రేసులో దింపకండి.

హామిల్టన్ విషయం. అతను 8 ఏళ్లకు మొదలుపెట్టింది నిజమే. తండ్రి ఆంథోనీ ఒకటికి మించి ఉద్యోగాలు చేసి ఖర్చు భరించారు, 1998లో 13 ఏళ్ల వయసులో ఫార్ములా 1 జట్టు మెక్‌లారెన్ చేయూత దొరికింది. మరో ఫార్ములా 1 డ్రైవర్ ఎస్టెబన్ ఓకాన్ తల్లిదండ్రులు ఇల్లు అమ్మేసి క్యారవాన్‌లో ఉన్నారు. ఆ తల్లిదండ్రుల కష్టం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ ఫార్ములా 1లో ఉండే సీట్లే ఇరవై చిల్లర. ఇల్లు అమ్మినా పిల్లలు అక్కడిదాకా చేరని కుటుంబాల పేర్లు మనకు ఎవరూ చెప్పరు. ఈ డబ్బును పెట్టుబడిగా చూస్తే ప్రతి ఓటమీ నష్టంగా కనిపిస్తుంది, ఆ బరువు చివరికి పాప మీదే పడుతుంది. తిరిగి రాని ఖర్చుగానే చూడండి.

ఈ సీజన్‌కు కొనకండి. కార్ట్, టైర్లు, మెకానిక్ అన్నీ క్లబ్బు లేదా జట్టే ఇచ్చి రేసుకు ఇంత అని తీసుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. విడిగా చూస్తే ఒక్కో రేసు ఖరీదుగా అనిపిస్తుంది కానీ తెలియని బిల్లు రాదు, వద్దనుకున్న రోజున ఆపేయవచ్చు. హోండా తరహా ఫోర్-స్ట్రోక్ ఇంజిన్లతో నడిచే పిల్లల తరగతి అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. వేగం తక్కువైనా ఇంజిన్ గంటల గొడవ చాలావరకు తగ్గుతుంది, మూల మలుపులో బ్రేక్ ఎక్కడ వేయాలో నేర్చుకోవడానికి అది చాలు.

మరోవైపు వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ఇందాక వచ్చిన నెలవారీ మొత్తాన్ని ఇప్పటి నుంచే అందులో వేయండి. క్లబ్బు రేసులకు కట్టేది అందులోంచే తీయండి. పది నెలల పాటు ఒక్క నెల కూడా తప్పకుండా వేయగలిగి, పాపకు కూడా అప్పటికి అంతే ఇష్టం ఉంటే, మిగిలిన సొమ్ముతో కార్ట్ కొనండి. అప్పుడు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో లాగ్‌బుక్‌లో చూపించమనండి. అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌తో ఛాసిస్ అడుగు భాగం, వెల్డింగ్ అతుకులు చూపించండి. పగుళ్లు ఉన్నా, ఫ్రేమ్ వంగినా ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. రెండు రోజుల్లో డబ్బు కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తామంటే ఇచ్చుకోనివ్వండి. పిల్లలు పెద్దవాళ్లవుతున్న కొద్దీ ఆ సైజు కార్ట్‌లు ప్రతి సీజన్ చివరా అమ్మకానికి వస్తూనే ఉంటాయి.