సీఎస్ఈతో పాటు మైనర్ తీసుకోవాలా? నా అనుభవం ఇదీ

తమ్ముడూ, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) రెండో సంవత్సరంలోకి వచ్చావు. మైనర్, అంటే డిగ్రీతో పాటు అదనంగా చదివే రెండో విభాగం, ఏది తీసుకోవాలి, దానివల్ల మేజర్, అంటే అసలు బ్రాంచి చదువు, దెబ్బతింటుందా అని అడిగావు. నేను విశాఖలోనే సీఎస్ఈతో పాటు స్టాటిస్టిక్స్ మైనర్ చేశాను.

ముందు భారం ఎంతో లెక్కేసుకో. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు (సబ్జెక్టు బరువును బట్టి ఇచ్చే పాయింట్లు), మైనర్‌కు వాటిపైన మరో 18 నుంచి 20. అంటే అయిదారు సబ్జెక్టులు అదనం.

నేను అయిదో సెమిస్టర్‌లోనే రెండు మైనర్ సబ్జెక్టులు పెట్టుకున్నాను. అప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, వాటి ల్యాబులు. పైగా గాజువాక నుంచి రోజూ బస్సులో రావడం, పోవడం. ఇంటికి చేరేసరికి ఓపిక ఉండేది కాదు. ఒక సబ్జెక్టు ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సు, 3 క్రెడిట్లు. పరీక్ష బాగా రాస్తే చాలనుకుని అసైన్‌మెంట్లు వదిలేశాను. అందులో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. 12 అసైన్‌మెంట్లలో మెరుగైన 8 లెక్కేస్తారు, అయినా 25కి కనీసం 10 రావాలి. నాకు రాలేదు. పరీక్షలో మంచి మార్కులొచ్చినా సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ రోజు చాలా ఏడ్చాను. జనవరిలో మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

అందుకే సెమిస్టర్‌కు ఒకటే పెట్టుకో. ల్యాబులు తక్కువున్న సెమిస్టర్‌లో అయితే రెండు. ఏడో సెమిస్టర్ మాత్రం ప్లేస్‌మెంట్ల కోసం ఖాళీగా ఉంచు.

ఇక ఏది తీసుకోవాలంటే, మన వాళ్లలో చాలామంది డేటా సైన్స్ పేరున్న మైనర్ వైపే చూస్తారు. ఆ సబ్జెక్టులు సీఎస్ఈలో మనం ఎంచుకునే సబ్జెక్టుల్లో (ఎలెక్టివ్‌లలో) ఎలాగూ దొరుకుతాయి. మనకు పల్చగా చెప్పి వదిలేసేది స్టాటిస్టిక్స్‌కు పునాది అయిన సంభావ్యత (ప్రాబబిలిటీ). దాని విలువ నాకు బీచ్ రోడ్డులో తెలిసింది. హార్బర్ బయట లంగరేసి, బెర్తు (ఓడ ఆగి సరుకు దించే చోటు) కోసం ఆగిన ఓడలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మైనర్‌లో క్యూయింగ్ సిద్ధాంతం (వరుసలో ఎదురుచూపులను లెక్కగట్టే గణితం) చదివాక ఆ ఓడల వరుసా, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సీపీయూ కోసం ఆగే ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) వరుసా ఒకే లెక్క అని అర్థమైంది. రద్దీ బెర్తు సామర్థ్యానికి దగ్గరయ్యే కొద్దీ ఎదురుచూపు ఒక్కసారిగా ఎందుకు పెరిగిపోతుందో అప్పుడే తెలిసింది. మేజర్‌లో బట్టీ పట్టిన షెడ్యూలింగ్, అంటే ఏ ప్రాసెస్‌కు సీపీయూ ముందు ఇవ్వాలో తేల్చే పాఠం, ఆ తర్వాత మళ్లీ ఇష్టంగా చదివాను. నీకూ అలా మేజర్‌ను వెలిగించే మైనర్ కావాలి. ఎలక్ట్రానిక్స్ మీద మనసుంటే అదే తీసుకో, నేను వద్దనను.

ఈ వారమే మీ డిపార్ట్‌మెంట్‌లో రెగ్యులేషన్ పుస్తకం అడుగు. ఏ సెమిస్టర్ నుంచి రిజిస్ట్రేషన్, కనీస సీజీపీఏ ఎంత, బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిన సబ్జెక్టు) ఉంటే ఏమవుతుంది, ఏ ఆన్‌లైన్ కోర్సులకు క్రెడిట్ ఇస్తారు, ఈ నాలుగూ చూడు. ఆన్‌లైన్ కోర్సు సంగతి మాత్రం రాతపూర్వకంగా తీసుకో. నీ సబ్జెక్టుల జాబితా పంపితే, ఏ సెమిస్టర్‌లో ఏది పడుతుందో కలిసి చూద్దాం.