దించిన కారుకు వెనక కంట్రోల్ ఆర్మ్‌లు మారిస్తే కేసవుతుందా?

ప్రశ్న: పొట్టి స్ప్రింగులు వేయించి కారును 40 మిల్లీమీటర్లు దించాను. వెనక టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయి. అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి చట్రానికి కలిపే, పొడవు సర్దుకోగల కడ్డీలు) వేయించమంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందా? బీమా వస్తుందా? ఎలాంటివి కొనాలి?

జవాబు: చిక్కు ఆర్మ్‌లతో కాదు, స్ప్రింగులతోనే మొదలైంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. స్ప్రింగులు ఒక మార్పు, ఆర్మ్‌లు ఇంకొకటి అని లెక్కగట్టే వీలుంది.

బండి మూల లక్షణం మారేలా నిర్మాణాన్ని మారిస్తేనే అది 'మార్పు' అని అదే 52వ సెక్షన్ వివరణ. కోత, వెల్డింగ్ లేకుండా బోల్టుతో బిగించి, విప్పి మళ్లీ పాతది పెట్టగలిగే ఆర్మ్ ఆ కిందకి రాదని వాదించవచ్చు. గెలుస్తామన్న హామీ లేదు. కంపెనీ ఆర్మ్‌లు మాత్రం పారేయకండి.

కొనే ముందు అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. లోపలి అంచు తినేసేది చాలాసార్లు కాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) కన్నా టో (పై నుంచి చూస్తే చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగిన కోణం). కంపెనీ ఇచ్చిన ఎక్సెంట్రిక్ బోల్టు (తిప్పితే కోణం మారే బోల్టు)తోనే టో సరిపోతే ఆర్మ్ అవసరమే లేదు. వెనక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం) ఉన్న బండికి ఈ ఆర్మ్‌లే ఉండవు. స్ప్రింగు కింది ఆర్మ్ మీదే కూర్చునే డిజైన్ అయితే దాన్ని కదపకుండా పై ఆర్మ్, టో లింక్ (టో కోణాన్ని పట్టి ఉంచే కడ్డీ) మార్చుకోవడం మేలు. బరువంతా మోసేది ఆ కింది ఆర్మే. రోజూ తిరిగే బండికి ఆర్మ్ చివర రబ్బరు బుష్ (కుదుపు తీసుకునే రబ్బరు గొట్టం) చాలు. రోజ్ జాయింట్‌లో (రబ్బరు లేని లోహపు బంతి కీలులో) దుమ్ము చేరి త్వరగా లూజవుతుంది, చప్పుడూ ఎక్కువ. ఆర్మ్ పొడవు సర్దే థ్రెడ్ (మర) కనీసం దాని వ్యాసమంత లోపలికి దిగాలి, లాక్‌నట్ తప్పనిసరి. బండి చక్రాల మీద నిలబడ్డాకే రబ్బరు బుష్ బోల్టులు ఆఖరుగా బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

చాలామంది చూడనిది ఒకటుంది. కొన్ని కార్లలో హెడ్‌లైట్ లెవెల్ సెన్సర్ వెనక ఆర్మ్‌కే తగిలించి ఉంటుంది. కొత్త ఆర్మ్‌కు ఆ సెన్సర్ తగిలించే బ్రాకెట్ లేకపోతే లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టొచ్చు.

బీమా సంగతికొస్తే, థర్డ్ పార్టీ విషయంలో కంపెనీ తప్పించుకునే దారులు 150వ సెక్షన్‌లో పరిమితం: రేసింగ్, ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం వంటివి. సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గరే గొడవ. మార్పులు రాతపూర్వకంగా తెలిపి ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పును నమోదు చేసే పత్రం) అడగండి. ఫోన్లో ఏజెంటు 'పర్లేదు సార్' అన్న మాట అక్కరకు రాదు.

పెట్టె మీద 'ట్రాక్ వాడకానికి మాత్రమే' అని ఉంటే కొనకండి. అది విరిగితే తప్పించుకునే సాకు విక్రేతకు మీరే ఇచ్చినట్టు. బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకోండి. విరిగిన ముక్కను శుభ్రం చేయకుండా, షాపువాడికి తిరిగి ఇవ్వకుండా ఫొటోలు తీసి దాచండి. 2019 వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద జిల్లా కమిషన్ దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపగలదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.