అందరూ కొంటున్నారనే కొంటామా? మా పత్తి విత్తనాల సంగతి చెప్తా

"సొంతంగానే ఆలోచిస్తా అనుకుంటా, తీరా చూస్తే చుట్టూ ఉన్నోళ్లు చేసేదే చేస్తుంటా, ఇది బలహీనతా? దీన్నుంచి బయటపడేదెట్లా?" అని అడిగారు కదా. బలహీనత అని నేను అనను. మాది పాత వరంగల్ జిల్లా, పరకాల వైపు. ఇంట్లో పత్తే పంట, చిన్నప్పటి నుంచి విత్తనాలు కొనడం చూస్తూ పెరిగా కాబట్టి ఆ అనుభవంతోనే చెప్తా.

మృగశిర ముందు మా ఊళ్లో ఎవరు ఎదురైనా ఒకటే మాట, "ఏం పెడుతున్నరే ఈసారి?" మా నాయిన కూడా నలుగురిని అడిగి ఒక పేరు అనుకుని షాపుకు పోయేవాడు, అక్కడ డీలర్ "మీ ఊరోళ్లంతా ఇదే తీస్కపోతున్నరు పటేలా, రెండ్రోజులైతే ఇది గూడ దొరకది" అనగానే అనుకున్న పేరు పక్కకు పోయేది. కొన్నేళ్లు ఒక్కో రకానికి ఎంత గిరాకీ అంటే తెల్లారకముందే షాపు ముందు చెప్పులు లైన్లో పెట్టి కూర్చునేవాళ్లు, ఎమ్మార్పీ మీద ఇంకింత ఇచ్చి బ్లాక్‌లో కొన్నోళ్లూ ఉన్నారు. పక్కనే వేరే కంపెనీ ప్యాకెట్లు ఎవరూ ముట్టక పడి ఉండేవి, చాలావరకు రెండింట్లోనూ పురుగును ఆపే బీటీ జన్యువులు అవే. పై ఏడు చూస్తే నిన్నటిదాకా కొట్లాడి కొన్న రకం పేరే ఎవరూ ఎత్తరు, పక్క ఊళ్లో అయితే ఇంకేదో నడుస్తుంటది.

గ్లెన్ డేవిస్ స్టోన్ అని ఒక అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ (మనుషులు బతికే తీరును దగ్గరుండి పరిశోధించేవాళ్లు) మా వరంగల్ ఊళ్లల్లోనే తిరిగి ఇదే రాశారు, 2007లో ఆ పేపర్ వచ్చింది. రైతు తన చేలో చూసి నేర్చుకునేది తగ్గి ఒకర్ని చూసి ఒకరు కొనేది పెరిగిందని ఆయన చెప్పింది. అది చదివినప్పుడు నాకు మా షాపు ముందు లైనే కళ్లముందు కనపడింది.

అయితే రైతుకు తెలివి లేక ఇట్లా చేస్తాడు అంటే మాత్రం నేను ఒప్పుకోను. హైబ్రిడ్ పత్తి గింజ దాచుకుని మళ్లీ పెట్టుకునేది కాదు, ఏటా కొనాల్సిందే, మార్కెట్లో పేర్లేమో వందల్లో ఉంటాయి, పంట ఏడాదికి ఒక్కటే. ఆ ఏడు కాత బాగొస్తే అది విత్తనం గొప్పా, వానలు టైముకు పడినందుకా, నల్లరేగడి కాబట్టా, మందు సరిగ్గా కొట్టినందుకా, ఎట్లా తేల్చుకోవాలి? తేల్చుకోలేనప్పుడు మనిషి పక్కవాణ్ని చూస్తాడు, అది న్యాయమే. కానీ ఆ పక్కవాడు కూడా ఇంకొకణ్ని చూసి కొన్నాడనుకోండి, అప్పుడు ఊరంతా నమ్ముతున్నదానికి కింద అసలు చూసినోడు ఒక్కడూ ఉండడు. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే డెమో ప్లాటు ఎప్పుడూ రోడ్డు పక్కన, బోరు ఉన్న పెద్ద రైతు చేలోనే పెట్టి బోర్డు పాతుతారు.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. అందరితో పాటు పంట పోతే "కాలం మంచిగలేదు" అంటారు. ఒక్కడు వేరేది పెట్టి పోగొట్టుకుంటే "చెప్తే వినకపాయె" అని ఏళ్ల తరబడి అంటారు, అప్పిచ్చినోడు కూడా అదే మాట అంటాడు. నష్టం ఒకటే అయినా ఒంటరిగా నష్టపోవడానికి ఎక్కువ ధైర్యం కావాలి. మీ విషయంలో కూడా మీకు తెలియక అందరి వెంట పోతున్నారా, లేక ఈ మాట పడాల్సి వస్తుందని పోతున్నారా అనేది ముందు విడదీసి చూసుకోండి, ఎందుకంటే రెండింటికీ మందు వేరు.

తెలియకపోవడానికి మందు మా పెద్దనాయిన చేసిన పనే. ఊరు పెట్టే రకం పెడుతూనే అదే చెలకలో కొన్ని సాళ్లు వేరే రకం పెట్టేవాడు, ఎరువు, మందు రెండింటికీ సమానంగా, ఏరేటప్పుడు మాత్రం పత్తి వేరే సంచుల్లో పోయించి విడిగా తూకం వేసేవాడు. కైకిలి వాళ్లు విసుక్కునేవాళ్లు, అయినా వినేవాడు కాదు. అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకు మారిన తీరు మీద ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో రాసినదాంట్లో కూడా ఇదే కనిపిస్తుంది. చాలామంది విత్తనం గురించి మొదట విన్నది సేల్స్‌మెన్ దగ్గర, ఒప్పుకున్నది పక్క రైతును చూసి, కానీ మొదలుపెట్టింది మాత్రం కొంచెం భూమిలోనే.

మాట పడే భయానికి మందు ఇంకొక తోడు మనిషి. 1950ల్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏ గీత దేనితో సమానమో చెప్పమని చేసిన ప్రయోగం ఒకటుంది, గదిలో అందరూ కావాలని తప్పు చెప్తుంటే ఒంటరిగా ఉన్న మనిషి దాదాపు మూడోవంతు సార్లు వాళ్లతో పాటు తప్పే చెప్పాడు, కానీ ఒక్కడు నిజం చెప్పే తోడు ఉంటే ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి. పెద్దనాయిన తూకాలు చూసి మా నాయిన కూడా సగం చేలో వేరేది పెట్టడం మొదలుపెట్టింది అట్లనే. అదే పని ఊళ్లో ఒక కుర్రాడు చేస్తే ఎవరూ పట్టించుకోలేదు, లెక్క వాడిదీ సరైందే, కాకపోతే వాడి మాటకు బరువు లేదు. నాకు ఇప్పటికీ అది బాధగానే ఉంటుంది.

ఇప్పుడు ఎవరన్నా ఫలానా విత్తనం బాగుందంటే నాయిన అడిగేవి ఇవే, "నీ చేన్ల సూషినవా, ఇన్నవా? ఏ భూమి? ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు? పక్కపొంటి ఇంకేం పెట్టినవ్?" కోర్సయినా, ఫ్లాటైనా, షేర్లయినా మీరూ ఎదుటివాళ్లను ఇట్లనే అడిగి చూడండి, మూడో ప్రశ్న దాటేవాళ్లు ఎవరో వాళ్ల మాట వినండి.