అన్ని చాట్‌లూ ఒకే విండోలో: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది గ్రానైట్ ఎగుమతుల ఆఫీసు. రెండు వాట్సాప్ నంబర్లు, టెలిగ్రామ్, గూగుల్ చాట్, చైనా పార్టీ ఒకరి కోసం వీచాట్. అన్నీ ఒకే కంప్యూటర్లో చూసుకోవాలి. క్రోమ్‌లో రెండో ట్యాబు తెరిచినా పాత నంబరే వస్తోంది, పైగా మొదటి ట్యాబు ఆగిపోతోంది. అన్నిటికీ కలిపి ఒక ప్రోగ్రాం ఏదైనా ఉందా? మా కంప్యూటర్ ర్యామ్ 4 జీబీ.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ముందు వీచాట్ సంగతి తేల్చేద్దాం. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. కాబట్టి ఏ ప్రోగ్రాంలోనూ దానికి చోటు వెతక్కండి. ఆ పార్టీతో బ్లాకుల కొలతలూ ఫొటోలూ ఈమెయిల్లో నడిపించుకోవడం మేలు.

మిగతా వాటికి ఫెర్డియం వాడండి. ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. అది చేసే పని చాలా సాదా: ఒక్కో సర్వీసు వెబ్ పేజీని ఒక్కో గదిలో పెట్టి, ఎడమ పక్కన బొమ్మల వరుస చూపిస్తుంది. మీకు కావలసింది ఆ గదుల మధ్య గోడలే. క్రోమ్‌లో రెండు ట్యాబులూ ఒకే లాగిన్ సమాచారాన్ని పంచుకుంటాయి. అందుకే రెండోది తెరవగానే 'వాట్సాప్ మరో విండోలో తెరిచి ఉంది' అంటూ మొదటిదాన్ని ఆపేస్తుంది. ఫెర్డియంలో వాట్సాప్‌ను రెండుసార్లు చేర్చుకుంటే రెండూ దేనికదే.

ఇన్‌స్టాల్ చేసి తెరవగానే అకౌంట్ అడుగుతుంది. కిందనే అకౌంట్ లేకుండా వాడుకునే దారి ఉంటుంది, అది నొక్కండి; ఒక్క కంప్యూటర్‌కే అయితే అకౌంట్ అక్కర్లేదు. సర్వీసుల జాబితాలో వాట్సాప్ ఎంచుకుని దానికి 'క్వారీ నంబరు' అనో 'ఆఫీసు నంబరు' అనో పేరు పెట్టండి. పేరు పెట్టకపోతే రెండు పచ్చ బొమ్మల్లో ఏది ఎవరిదో తెలియక ఒకరికి పంపాల్సిన రేటు ఇంకొకరికి పోతుంది. తెర మీద క్యూఆర్ కోడ్ వచ్చాక, ఆ నంబరున్న ఫోన్లో వాట్సాప్ సెట్టింగ్స్, లింక్డ్ డివైసెస్, లింక్ ఎ డివైస్ వరుసగా నొక్కి స్కాన్ చేయండి. రెండో నంబరుకూ ఇంతే. టెలిగ్రామ్‌కి కూడా ఫోన్లోని సెట్టింగ్స్‌లో డివైసెస్ నుంచి స్కాన్ చేయొచ్చు. గూగుల్ చాట్ దగ్గర మాత్రం ఒక్కోసారి 'ఈ బ్రౌజర్ సురక్షితం కాకపోవచ్చు' అని గూగుల్ లాగిన్‌ను ఆపేస్తుంది. దానితో కుస్తీ పట్టకుండా గూగుల్ చాట్‌ను క్రోమ్‌లోనే ఉంచేయండి.

ఇక ర్యామ్. మీకు అసలు చిక్కు ఇక్కడే. ఒక్కో గదిలో నడిచేది నిజానికి ఒక పూర్తి బ్రౌజర్ పేజీ. గ్రూపులు ఎక్కువున్న వాట్సాప్ ఒక్కటే కొన్ని వందల ఎంబీలు మింగుతుంది. 4 జీబీలో విండోసే సగం తినేస్తే, మిగిలిన దాంట్లో మూడు చాట్‌లూ ట్యాలీ ఇరుక్కుని కూర్చోవాలి. సెట్టింగ్స్‌లో వాడని సర్వీసును నిద్రపుచ్చే హైబర్నేషన్ సదుపాయం ఉంది. టెలిగ్రామ్‌కి పెట్టుకోండి, ఆర్డర్లొచ్చే నంబరుకి పెట్టకండి. నిద్రలో ఉన్న గదికి మెసేజ్ వచ్చినా అది మేలుకునేదాకా గంట మోగదు. 'సాయంత్రం దాకా ఒక్క మెసేజూ రాలేదే' అనుకునే వాళ్లలో సగం మంది సమస్య ఇదే. ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించుకుంటే ఈ తిప్పలేవీ ఉండవు. కొనేముందు పాత స్టిక్ డీడీఆర్3నో డీడీఆర్4నో చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు.

ఒక వాట్సాప్ నంబరుకి ఫోన్ కాక నాలుగు పరికరాలు కలపొచ్చు. ఫోన్లో ఆ వాట్సాప్‌ను 14 రోజులకు మించి వాడకపోతే కలిపినవన్నీ వాటంతటవే లాగౌట్ అవుతాయి. రెండో నంబరు ఫోన్‌ను స్విచాఫ్ చేసి సొరుగులో పడేసే ఆఫీసుల్లో జరిగేది ఇదే. దీనికి తోడు 2025 నవంబరులో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశంలో, మెసేజింగ్ యాప్‌ల వెబ్ లాగిన్లు ఆరు గంటలకు మించి సాగకూడదని ఉంది. మాటిమాటికీ క్యూఆర్ అడుగుతుంటే తప్పు ఫెర్డియంది అనుకోకండి.

పాత కంప్యూటర్లలో ఇంకో వింత. కరెంటు పోయి వచ్చాక ఏ చాటూ తెరుచుకోదు, నెట్ మాత్రం బాగానే ఉంటుంది. మూలన గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పితే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, కనెక్షన్ కుదరదు. కొత్త బిళ్ల వేసి తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకుంటాయి.

గుమాస్తా పని మానేసిన రోజున కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చడంతో ఊరుకోకండి. ఫోన్లోని లింక్డ్ డివైసెస్ జాబితా తెరిచి, గుర్తుపట్టలేని పరికరం కనిపిస్తే అక్కడికక్కడే లాగౌట్ చేయండి.

ప్రశ్న: ఒకప్పుడు పిడ్జిన్ అనే చాట్ ప్రోగ్రాంలో యాహూ, గూగుల్ టాక్, ఫేస్‌బుక్ చాట్ మూడూ ఒకేసారి వాడేవాణ్ణి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే యాహూ పేరే కనపడ్డం లేదు. అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. దీన్ని పని చేయించే దారుందా?
– విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

జవాబు: పిడ్జిన్ చెడిపోలేదండీ, అది వెళ్లి తలుపు కొట్టే ఇళ్లే మూతపడ్డాయి. ఫేస్‌బుక్ 2015లో బయటి ప్రోగ్రాంలకు దారి మూసేసింది. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజర్ 2018 జూలై 17న ఆగిపోయాయి. గూగుల్ టాక్‌కి బయటి ప్రోగ్రాంల నుంచి ఉన్న దారి 2022 జూన్ 16తో పోయింది. ఐసీక్యూ 2024 జూన్ 26న, స్కైప్ 2025 మే 5న సెలవు తీసుకున్నాయి. పిడ్జిన్‌లో ఇప్పటికీ నికరంగా పనిచేసేవి ఎక్స్‌ఎంపీపీ, ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతులు.

మీ అబ్బాయి ఒప్పుకుంటే ఎక్స్‌ఎంపీపీ మంచి దారే. ఈమెయిల్లాగే ఇదీ ఎవరి సర్వర్ మీద వాళ్లుండి మాట్లాడుకునే పద్ధతి. పిడ్జిన్‌లో అకౌంట్స్, మేనేజ్ అకౌంట్స్, యాడ్ నొక్కి ప్రోటోకాల్‌లో ఎక్స్‌ఎంపీపీ ఎంచుకోండి. అందరూ పొరబడేది తర్వాతి రెండు గళ్లలో: యూజర్‌నేమ్‌లో అడ్రసు మొత్తం రాసేస్తారు. 'ఎట్' గుర్తుకి ముందున్నది యూజర్‌నేమ్‌లో, తర్వాతది డొమైన్‌లో రాయాలి. అడ్వాన్స్‌డ్ ట్యాబులో ఎన్‌క్రిప్షన్ (కనెక్షన్‌కు తాళం) తప్పనిసరి అన్నది ఎంచుకోండి. పోర్టు, అంటే కనెక్షన్ వెళ్లే ద్వారం నంబరు, 5222. నెట్ కనెక్షన్ ఆ పోర్టును ఆపేస్తే లాగిన్ అవదు; ఫోన్ హాట్‌స్పాట్ మీద ప్రయత్నిస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. 'రిమెంబర్ పాస్‌వర్డ్'కి టిక్ పెట్టకండి. పిడ్జిన్ పాస్‌వర్డ్‌ను దాచే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అక్షరం అక్షరం కనిపిస్తుంది.

అబ్బాయి ఫోన్లో ఎక్స్‌ఎంపీపీ కోసం కాన్వర్సేషన్స్ యాప్ వాడితే ఇంకో చిక్కుంది. అది మెసేజ్‌లను ఓమెమో పద్ధతిలో తాళం వేసి పంపుతుంది. పిడ్జిన్‌కి సొంతంగా ఆ తాళం తీయడం రాదు. అసలు మాట బదులు 'మీ ప్రోగ్రాం ఓమెమోను అర్థం చేసుకోలేదు' అన్న ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. ప్లగిన్లు వెతుక్కునే బదులు కంప్యూటర్లో గాజిమ్ అనే ఎక్స్‌ఎంపీపీ ప్రోగ్రాం వేసుకోండి, దానికి ఓమెమో తెలుసు. పిడ్జిన్ మీద అభిమానం ఉండొచ్చు గానీ, ఈ ఒక్క పనికి మా ఓటు గాజిమ్‌కే.

ప్రశ్న: రొయ్యల వ్యాపారం. కౌంట్ వారీ రేట్లు వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, ఇన్‌స్టాగ్రామ్ అన్నిట్లోనూ వస్తాయి. ఫోన్లోనే అన్నీ ఒకే జాబితాగా చూపించే బీపర్ అనే యాప్ ఉందన్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: పని చేస్తుంది. ఫెర్డియంలా గదులు కాకుండా, నాలుగు చోట్ల మెసేజ్‌లనూ కలిపి ఒకే వరుసలో పేరుస్తుంది. దీన్ని 2024లో ఆటోమాటిక్ అనే సంస్థ కొన్నది. లోపల ఉండేది వంతెన పద్ధతి: ఒక నెట్‌వర్క్ మెసేజ్‌ను విప్పి బీపర్ భాషలోకి మార్చాలి. ఆ విప్పడం ఎక్కడ జరుగుతుందన్నదే మీ నమ్మకానికి కొలత. కంపెనీ సర్వర్లో విప్పితే, చివరిదాకా తాళం (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేరు) అన్న మాట మధ్యలోనే తెగినట్టు. 2025 నుంచి ఈ పనిని మీ ఫోన్లోనే చేసే పద్ధతి తెచ్చారు. ఏ అకౌంట్ కలిపినా అదే ఎంచుకోండి.

అదే ఫోన్లో ఉన్న క్యూఆర్‌ను అదే ఫోన్ స్కాన్ చేయలేదు కదా. వాట్సాప్ కలిపేటప్పుడు ఫోన్ నంబరుతో లింక్ చేసే దారి ఎంచుకోండి. బీపర్ 8 అక్షరాల కోడ్ ఇస్తుంది. లింక్డ్ డివైసెస్‌లో స్కానర్ కింద ఉన్న 'లింక్ విత్ ఫోన్ నంబర్' నొక్కి అది కొట్టాలి. కోడ్ తొందరగా గడువు తీరిపోతుంది కాబట్టి కాగితం మీద రాసుకుని, వెంటనే కొట్టేయండి. మీ నాలుగు పరికరాల్లో ఒకటి దీనికి ఖర్చయినట్టే. ఇన్‌స్టాగ్రామ్ మాత్రం కొత్త లాగిన్‌ను అనుమానంగా చూసి ఆపొచ్చు. అమ్మకాలకు వాడే అకౌంట్ అయితే కలపకండి.

ఒక హెచ్చరిక: బీపర్, ఫెర్డియం లాంటివి వాట్సాప్, టెలిగ్రామ్ కంపెనీలు తయారుచేసినవి కావు. వచ్చింది చదవడానికి, జవాబివ్వడానికి వాడండి. రేట్లు వందల మందికి ఒక్కసారే గుమ్మరిస్తే స్పామ్ కింద నంబరే పోతుంది. దానికి అసలు వాట్సాప్‌లోనే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంది, ఒక్కోదాంట్లో 256 మంది దాకా. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్న రైతులకే అది చేరుతుంది.

ప్రశ్న: జీబీ వాట్సాప్ వేసుకుంటే రెండు నంబర్లు వస్తాయంటున్నారు. మంచిదేనా?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: వద్దు. అది వాట్సాప్‌ను బయటివాళ్లు మార్చి చేసిన యాప్. ప్లేస్టోర్లో ఉండదు, ఎక్కడెక్కడి నుంచో దించుకోవాలి, వాట్సాప్ కనిపెడితే నంబరు ఆపేస్తుంది. అసలు వాట్సాప్‌లోనే ఇప్పుడు రెండో అకౌంట్ చేర్చుకోవచ్చు: సెట్టింగ్స్‌లో మీ పేరు పక్కన ఉన్న బాణం నొక్కి చూడండి. రెండో సిమ్ ఉంటే చాలు.

ప్రశ్న: టెలిగ్రామ్ నుంచి నేరుగా వాట్సాప్ నంబరుకి మెసేజ్ ఎందుకు పోదు? ఎయిర్‌టెల్ నుంచి జియోకి ఫోన్ పోతోంది కదా!
– ఇంటర్ విద్యార్థిని, కనిగిరి

జవాబు: ఫోన్ కంపెనీలు ఒకదాని కాల్ మరొకటి తీసుకోవాలన్నది నిబంధన. చాట్ కంపెనీలకు మన దగ్గర అలాంటి నిబంధన లేదు, వాటంతటవి తలుపు తెరవవు. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ అనే చట్టం కింద వాట్సాప్ బయటి యాప్‌ల మెసేజ్‌లకు దారి ఇవ్వక తప్పలేదు. అదీ అడిగిన యాప్‌లకే, అక్కడి వాడుకదారులకే. కనిగిరిలో ఉన్న మీకు ప్రస్తుతం రెండు యాప్‌లూ ఉంచుకోవడమే దారి.